ఔషధ ట్రయల్ ఫలితాలను నమ్మే ముందు సరిచూసుకోవడం ఎలా?

దీనికి కావలసినవి పరిశోధన పత్రం పూర్తి పాఠం, ఆ ట్రయల్ నమోదు సంఖ్య, ఒక కాగితం. పత్రికా ప్రకటనను పక్కన పెట్టండి. సారాంశాన్ని అన్నిటికన్నా ఆఖరున చదవండి, ఎందుకంటే ముందే చదివితే పట్టికల్లో కూడా రచయితలు చూపదలచినదే కనిపిస్తుంది.

ముందుగా నమోదు కాని ట్రయల్స్‌ను ప్రచురించబోమని ప్రముఖ వైద్య పత్రికల సంపాదకులు 2005 నుంచి షరతు పెట్టారు కాబట్టి, సంఖ్య పత్రంలోనే దొరుకుతుంది. దానితో, ట్రయల్స్ వివరాలు నమోదయ్యే క్లినికల్‌ట్రయల్స్.గవ్ వంటి వెబ్‌సైటులో, అంటే నమోదు పట్టికలో, ఆ ట్రయల్ పేజీని తెరవండి.

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. నమోదులోని ప్రధాన ఫలితాన్ని, అంటే ట్రయల్ ముఖ్యంగా కొలవదలచినదాన్ని, పత్రంలోని ప్రధాన ఫలితంతో పోల్చాలి. చాలామంది ఈరోజు కనిపించే పేజీని చూసి, రెండూ సరిపోయాయని తృప్తిపడతారు. ఆ పేజీని ట్రయల్ ముగిశాక కూడా మార్చవచ్చు. మార్పుల చరిత్రలోకి వెళ్లి, మొదటి రోగిని చేర్చుకోవడానికి ముందున్న ప్రతినే తీసుకోండి. దేన్ని కొలుస్తామన్నారు, ఏ స్కేలుతో, ఎన్నో వారంలో, ఏ హద్దు దాటితే మెరుగుదలగా లెక్కిస్తామన్నారు అనే నాలుగు విషయాలనూ విడివిడిగా రాసుకోండి.

నాలుగింటిలో ఏ ఒక్కటి మారినా తీర్పు తలకిందులు కావచ్చు. 2000లో సెలెకాక్సిబ్ అనే నొప్పి నివారణ మందు ట్రయల్ పత్రం, అధ్యయనం అంతకన్నా ఎక్కువ కాలం సాగినా, ఆరు నెలల ఫలితాలనే ప్రచురించింది. కుంగుబాటు ఉన్న 275 మంది కౌమారులపై జరిగిన పరోక్సెటిన్ ట్రయల్‌లో, ముందుగా ప్రకటించిన కొలమానాల్లో ఔషధం ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) కన్నా మెరుగని తేలలేదు. అయినా 2001 నాటి పత్రం తరువాత చేర్చిన కొలమానాల ఆధారంగా అది పనిచేస్తుందని చెప్పింది. ముడి సమాచారాన్ని తిరిగి విశ్లేషించి 2015లో ప్రచురించినప్పుడు ఆ వాదన నిలవలేదు.

ప్రతి మార్పూ మోసం కాదు. ఎవరికి ఏ మందు అందిందో తెలియకముందే మార్చి, కారణాన్ని పత్రంలో రాసి ఉంటే అంగీకరించవచ్చు. కారణం లేకపోతే ఆ ఫలితాన్ని రుజువుగా కాక, మళ్లీ పరీక్షించవలసిన ఊహగా మాత్రమే చూడాలి. పత్రిక పేరును బట్టి నమ్మే పద్ధతి కన్నా ఇది ఎంతో మేలు: ట్రయల్ నివేదికలను నమోదుతో సరిచూసే కంపేర్ అనే పరిశోధకుల బృందం అయిదు ప్రముఖ వైద్య పత్రికల్లోని 67 ట్రయల్స్‌ను పరిశీలించగా, ముందు చెప్పినట్టే ఫలితాలన్నీ నివేదించినవి 9 మాత్రమే.

తరువాత శాతాలను విడదీయండి. ముప్పు నూటికి ఇద్దరి నుంచి ఒకరికి తగ్గినా సగానికి తగ్గిందనే రాస్తారు. మీరు మాత్రం నూటికి ఒకరికి మేలు జరిగిందని రాసుకోండి.

చివరగా దుష్ప్రభావాల పట్టికలో అంకెలతో పాటు శీర్షికలనూ చదవండి. అదే పరోక్సెటిన్ పత్రంలో ఆత్మహత్యకు సంబంధించిన ఘటనలు భావోద్వేగ అస్థిరత అనే శీర్షిక కింద చేరాయి. అటువంటి అస్పష్టమైన మాట కనిపిస్తే, తీవ్ర దుష్ప్రభావాల వివరాలను నమోదు పట్టికలోని ఫలితాల విభాగంలో ఒక్కొక్కటిగా సరిపోల్చిన తరువాతే సారాంశం తెరవండి.