రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో చంక గ్రంథుల లెక్క ఎలా చదవాలి

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. ఆ బిళ్ల లింఫ్ గ్రంథే. సూక్ష్మజీవులతో పోరాడటానికి లోపలి కణాలు పెరగడం వల్ల అది ఉబ్బుతుంది. రొమ్ములో క్యాన్సర్ ఉన్నప్పుడు చంకలో గ్రంథి ఉబ్బడానికీ ఒక్కోసారి కారణం ఇదే. అందుకే ఆపరేషన్ తర్వాత పాథాలజీ రిపోర్టు వస్తే, గ్రంథి సైజు ఒక్కటే చూసి బెంబేలెత్తకండి.

ముందు ఏ ఆపరేషన్ చేశారో చూడండి. సెంటినెల్ నోడ్ బయాప్సీ అని ఉంటే, రొమ్ము నుంచి వచ్చే లింఫ్ ద్రవం మొట్టమొదట చేరే గ్రంథుల్నే తీశారని అర్థం. వాటిని గుర్తుపట్టడానికి నీలిరంగు మందో, టెక్నీషియం రేడియో మందో ఎక్కిస్తారు. నీలిరంగు వాడితే ఒకటి రెండు రోజులు మూత్రం పచ్చగానో నీలంగానో రావచ్చు, భయం లేదు. యాక్సిలరీ డిసెక్షన్ అని ఉంటే చంకలోని కొవ్వుతో సహా గ్రంథుల్ని తీసినట్టు.

తర్వాత 0/3, 2/14 లాంటి అంకెలు వెతకండి. కింది అంకె దొరికిన గ్రంథులు, పై అంకె వాటిలో క్యాన్సర్ ఉన్నవి. డిసెక్షన్‌లో మామూలుగా 10 అయినా దొరకాలి. 4 మాత్రమే ఉంటే మిగిలిన కొవ్వులో మళ్లీ వెతికారా అని అడగండి. కందిపప్పు బద్దంత గ్రంథిని పసుపుపచ్చటి కొవ్వులో వేళ్లతో నొక్కి నొక్కి పట్టుకోవాలి, తప్పిపోవడం తేలిక. ముందే కీమో ఇచ్చి ఉంటే తక్కువ దొరకడం సహజమే.

ఇక మిల్లీమీటర్లు. గ్రంథిని 2 మిల్లీమీటర్ల మందాన ముక్కలు కోసి చూస్తారు. క్యాన్సర్ మచ్చ 2 దాటితే మాక్రోమెటాస్టాసిస్, అంటే పెద్ద మచ్చగా పాకింది. 0.2 దాటి 2 లోపు ఉంటే మైక్రోమెటాస్టాసిస్, అంటే చిన్న మచ్చగా పాకింది. 0.2 లేదా అంతకన్నా చిన్నదైతే విడి కణాలంటారు, ఆ గ్రంథిని పై అంకెలో కలపరు. రిపోర్టులో అది పీఎన్0, పక్కన ఐ ప్లస్ అని, pN0(i+) రూపంలో ఉంటుంది. చాలామంది ఆ ప్లస్ గుర్తు చూసి గ్రంథికి పాకిందని పొరబడతారు. అయితే కీమో తర్వాత చేసిన ఆపరేషన్‌లో ఆ విడి కణాలు కనిపించినా జబ్బు పూర్తిగా పోయినట్టు లెక్కకాదు. అప్పుడు పీ ముందు వై అక్షరం ఉంటుంది, తప్పక చూడండి.

రియాక్టివ్ (స్పందనగా ఉబ్బినది), సైనస్ హిస్టియోసైటోసిస్ అన్న మాటలు క్యాన్సర్ పేర్లు కావు. గ్రంథి పై పొర కిందే సన్నటి కాలువ ఉంటుంది, దాన్నే సైనస్ అంటారు. లింఫ్ ముందు అందులోకే వస్తుంది, కొట్టుకొచ్చిన క్యాన్సర్ కణమూ తరచు మొదట అక్కడే చిక్కుకుంటుంది. అందుకే పాథాలజిస్టు కన్ను ముందు ఆ అంచుకే వెళ్తుంది. ఆ కాలువల్లో మాక్రోఫేజ్ కణాలు కాపలా ఉండి వచ్చిన చెత్తను మింగుతాయి. అవి గుంపులుగా పెరగడమే సైనస్ హిస్టియోసైటోసిస్. డెండ్రైటిక్ కణాలనే వార్తాహరులు రొమ్ము గడ్డ నుంచి ప్రోటీన్ తునకలు మోసుకొచ్చి, దాడి చేసే టీ కణాలకు చూపిస్తాయి, ఎవరి మీద దాడి చేయాలో టీ కణాలు అక్కడే నేర్చుకుంటాయి. క్యాన్సర్ ఈ చదువునే చెడగొడుతుంది. దాడిని అణిచే రెగ్యులేటరీ టీ కణాలు పెరిగితే, గ్రంథిలో ఇంత సైన్యం ఉన్నా గడ్డ పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడే పొరపాటూ జరగొచ్చు. లోబ్యులర్ రకం క్యాన్సర్ కణాలు చిన్నగా, విడివిడిగా ఉండి ఈ రోగనిరోధక కణాల్లో కలిసిపోతాయి. అనుమానం ఉంటే సైటోకెరాటిన్ రంగు పరీక్ష అడగండి. క్యాన్సర్ కణాలు గోధుమరంగు తేలతాయి, మాక్రోఫేజ్‌లు తేలవు.

గ్రాన్యులోమా (రోగనిరోధక కణాలు ముద్దగా చేరిన గుంపు) అని ఉంటే మన దేశంలో ముందు టీబీని తలచుకోవాలి. క్యాన్సర్ గడ్డకు స్పందనగానూ అది రావచ్చు. ఆపరేషన్‌కు ముందే టీబీ అనుమానం ఉంటే ఒక ముక్క ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవం) వేయకుండా సెలైన్‌లో పంపించాలి, ఫార్మలిన్‌లో పడ్డాక కల్చర్, అంటే క్రిముల్ని పెంచి చూసే పరీక్ష, కుదరదు.

ఒకటో రెండో సెంటినెల్ గ్రంథుల్లో క్యాన్సర్ ఉంటే మిగతావన్నీ తీయాల్సిందేనా? జెడ్0011 (Z0011) అనే వైద్య అధ్యయనంలో 891 మంది మహిళల్ని రెండు గుంపులు చేశారు. 10 ఏళ్లకు, సెంటినెల్‌తో ఆపినవాళ్లలో 86.3 శాతం, అన్నీ తీయించుకున్నవాళ్లలో 83.6 శాతం బతికున్నారు. అయితే వాళ్లంతా 5 సెంటీమీటర్ల లోపు గడ్డ ఉండి, రొమ్మును ఉంచి గడ్డ మాత్రమే తీయించుకుని, రొమ్ముకు రేడియేషన్ తీసుకోవాల్సినవాళ్లు, ముందు కీమో లేనివాళ్లు. మీ కేసు అందులోకి వస్తుందా అని సర్జన్ గారిని సూటిగా అడగండి. గ్రంథులు ఎక్కువ తీసేకొద్దీ చెయ్యి వాచే ప్రమాదం పెరుగుతుంది.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు కాగితం రిపోర్టు చాలదు. గాజు స్లైడ్లు, తీసిన ముక్కల్ని మైనంలో పోసి ఉంచిన బ్లాకులు కూడా రాయించి తీసుకోండి, నంబర్లు రిపోర్టుతో సరిపోయాయో అక్కడే చూసుకోండి. ఎండాకాలంలో ఆ బ్లాకుల్ని ఆపి ఉంచిన కారులో వదిలిపెట్టకండి.