ఫొటో వెనకాల రెండు ముక్కలు

1995 మే నెలలో ఊటీ వెళ్ళొచ్చాం. బంధువుల దగ్గర అరువు తెచ్చిన రీలు కెమెరా, అందులో 36 ఫొటోల రీలు. మేట్టుపాళయంలో ఎక్కిన చిన్న రైలు కిటికీలో, దొడ్డబెట్ట మీద, చెరువులో పడవ మీద, ఆగిన చోటల్లా ఒకటి తీయించుకున్నాం. తెనాలి వచ్చాక స్టూడియోలో ఇస్తే, అతను రీలు బయటికి లాగి చూపించి, "ఏం లేదు మేడం, రీలు పళ్ళకి తగులుకోలేదు, అసలు తిరగనే లేదు" అన్నాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

ఆ ప్రయాణం మాకు మిగిలింది మా ఆయన ఖర్చుల పుస్తకంలోనే. ఆయన పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. ఎక్కడికెళ్ళినా పడుకోబోయే ముందు లెక్క రాయందే నిద్రపోరు. "గుర్రం, అమ్మాయికి, 20. ఏడిస్తే దింపి పట్టుకున్నందుకు వాడికే ఇంకో 5. ఉన్ని టోపీ 35, బేరం శ్రీమతిది. వర్కీ బిస్కెట్లు పావుకిలో." ఇన్నేళ్ళకి ఆ పేజీ తీసినా గుర్రం వాసన తగులుతుంది నాకు. ఆ 36 ఫొటోలూ కడిగి చేతికొచ్చినా ఇంత చెప్పేవి కాదేమో.

అందుకే సెలవుల ఫొటోలు బాగా తీయడం ఎలాగని ఎవరడిగినా, ముందు జేబులో పట్టే పుస్తకం ఒకటి కొనుక్కోమంటాను. రోజూ రాత్రి పది నిమిషాలు చాలు. తేదీ, ఊరు, ఖర్చు రాయండి. తర్వాత మూడు సంగతులు: ఇవాళ ఏం తిన్నారు, ఎవరు ఏమన్నారు (వాళ్ళ మాటల్లోనే), ఏది అనుకున్నట్టు జరగలేదు. ఆ మూడోది మాత్రం వదలొద్దు. పదేళ్ళ తర్వాత ఇంట్లో అందరూ చెప్పుకునేది దాన్నే. "చాలా బాగుంది" అని మాత్రం రాయకండి. నేను ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. స్టెప్పులు లేకుండా జవాబు వేస్తే మార్కులు వేసేదాన్ని కాదు. "చాలా బాగుంది" అనేది జవాబు, మరి స్టెప్పులేవి?

రేపు రాద్దాంలే అనుకుంటే అయిపోయినట్టే. రెండో రోజుకి గుళ్ళన్నీ ఒక్క గుడిలా కలిసిపోతాయి.

ఇక ఫోను సంగతి. ప్రతి ఉదయం లెన్సు తుడవండి, చీర కొంగైనా సరే, మెత్తటి నూలు గుడ్డయితే చాలు. మబ్బు మబ్బుగా వచ్చే ఫొటోల్లో సగం మన వేలి జిడ్డే. ఊరు మారగానే మొదటి ఫొటో బోర్డుది తీయండి. రైల్వే స్టేషను పసుపు బోర్డు మీద ఊరి పేరు మూడు లిపుల్లో ఉంటుంది, కింద సముద్రమట్టానికి ఎంత ఎత్తో కూడా రాసి ఉంటుంది. విశాఖ నుంచి అరకు వెళ్ళేటప్పుడు మా మనవరాలికి ఆ అంకెలు చూపించి, రైలు ఎంత పైకెక్కిందో తీసివేతలు చేయించాను. పాపం, సెలవుల్లో కూడా! తర్వాత ఫొటోలు సర్దేటప్పుడు ఈ బోర్డులే అధ్యాయాల పేర్లలా పనికొస్తాయి.

అదే దారిలో 50కి పైగా సొరంగాలు వస్తాయి. అందరూ లోపల ఫ్లాష్ వేసి తీస్తారు, వచ్చేది అద్దంలో మన మొహమే. సొరంగంలో ఫొటో మానేసి వీడియో పెట్టండి, దృశ్యం కోసం కాదు, చప్పుడు కోసం. పెట్టె పెట్టెంతా పిల్లలు ఒక్కసారిగా "ఓ..." అని అరిచే అరుపు ఏ ఫొటోలోనూ రాదు. వెలుతురులోకి వచ్చాక లోయని తీయాలంటే ఫోనుని అద్దానికి ఆనించి పట్టుకోండి. అప్పుడు లోపలి నీడలు పడవు. ఫోను చేత్తో బయటికి చాపడం, తలుపు దగ్గర వేలాడటం వద్దు.

లేపాక్షిలో వేలాడే స్తంభం దగ్గర ప్రతివాళ్ళూ కింద నుంచి తువ్వాలు దూర్చి లాగుతుంటారు. నిలబడి స్తంభం మొత్తం తీస్తే అది మామూలు స్తంభమే. చతికిలబడి, ఫోను నేలకి దగ్గరగా పెట్టి, ఆ సందునీ తువ్వాలు పట్టుకున్న చేతినీ తీయండి. అక్కడి పైకప్పు బొమ్మలకి నాకు మెడ పట్టేసింది. మా అల్లుడు చెప్పిన చిట్కా: ఫోనుని నేల మీద వెల్లకిలా పెట్టి, సెల్ఫీ కెమెరా తెరిచి, 3 సెకన్ల టైమరు నొక్కి పక్కకి జరగాలి. చేయి వణకదు, చీకట్లో కూడా బొమ్మ చెదరకుండా వస్తుంది. ఫ్లాష్ మాత్రం వేయకండి, అవి విజయనగర కాలం నాటి రంగులు.

మనుషుల్ని నిలబెట్టడంలో మనందరిదీ ఒకటే తప్పు: వెళ్ళి గుడికి ఆనుకుని నిలబడతాం. అప్పుడు గుడి పెద్దది, మనం చీమలం. మనిషిని కెమెరాకి నాలుగడుగుల దూరంలో, కాస్త పక్కగా నిలబెడితే మొహమూ కనిపిస్తుంది, వెనక గోపురమూ పడుతుంది. నడినెత్తిన గోపురం మొలిచినట్టు రాకుండా చూసుకోండి. ఎంత పెద్దదో తెలియాల్సిన చోట మాత్రం దీన్ని తిరగేయాలి. లేపాక్షి నంది పొడవు సుమారు 27 అడుగులు, ఏకశిల. దాని పాదం దగ్గర మా ఆయన్ని నిలబెడితే కానీ ఆ సంగతి ఫొటోకి తెలియలేదు. మిట్టమధ్యాహ్నం అయితే చెట్టు నీడలోకి రండి, లేకపోతే కళ్ళ కింద నల్లగా గుంటలు పడతాయి.

పరాయి మనుషుల్ని అడక్కుండా తీయొద్దు. అరకులో ధింసా నాట్యం ఆడేవాళ్ళని తీసి, ఆ ఫొటో వాళ్ళకే చూపించాను. ఒకావిడ తన కాలు లయ తప్పిందని నవ్వి, "మళ్ళీ తియ్యి" అంది. రెండోది కంటే మొదటిదే బాగుంది, ఆవిడకి చెప్పలేదనుకోండి.

దేశం దాటితే కొన్ని జాగ్రత్తలున్నాయి. ఫోను టైము దానంతటదే మార్చుకుంటుంది, విడిగా ఉన్న కెమెరా మార్చుకోదు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. నేను మార్చకపోవడంతో ఫోను ఫొటోలూ కెమెరా ఫొటోలూ కలిపినప్పుడు పొద్దున తిన్న ఇడ్లీ తెల్లవారుజామునే తిన్నట్టు తేలింది. అక్కడ సింహం తల, చేప ఒళ్ళు ఉన్న మెర్‌లయన్ బొమ్మ నోట్లోంచి పడే నీళ్ళని దోసిలితో పట్టినట్టు అందరూ దిగుతారు, మేమూ దిగాం. కానీ మా ఇంట్లో పదిసార్లు చూసింది మెట్రో స్టేషన్లో, ఘాటు వాసన కొట్టే డూరియన్ పండు తేవద్దన్న బోర్డు ఫొటో. పండుకి కూడా నిషేధమా అని మా ఆయన ఇప్పటికీ ఆశ్చర్యపోతారు.

శ్రీలంకలో బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగకూడదు. సిగిరియా కొండ గోడ మీది స్త్రీల చిత్రాలని ఫొటో తీయనివ్వరు. తిరుమలలో మనం ఫోను అప్పగించి వెళ్ళమూ, అలాగే. ఇలాంటి చోట బయటికి వచ్చి కూర్చున్న వెంటనే పుస్తకం తీయండి. నేనైతే సిగిరియా మెట్ల పక్కన కూలబడి, ఆ చిత్రాల్లో ఒకామె చేతిలో పువ్వు ఎలా పట్టుకుందో పిచ్చి గీతలతో వేసుకున్నాను. బొమ్మ అసహ్యంగా ఉంది, పువ్వు మాత్రం బాగా గుర్తుంది.

ఇంటికొచ్చాక వడపోత. వారం తిరిగితే ఎనిమిది తొమ్మిది వందల ఫొటోలవుతాయి. రోజుకి పది ఉంచండి. రెండు చోట్ల దాచండి, ఒకటి ఫోనులో, ఒకటి హార్డ్ డిస్కులో. బంధువులకి వాట్సాప్‌లో పంపితే అది ఫొటోని నలిపేస్తుంది, డాక్యుమెంటుగా పంపితే అసలుది వెళ్తుంది. ఓ నలభై ప్రింటు వేయించండి. వెనకాల బాల్ పెన్నుతో గట్టిగా రాయకండి, అచ్చు ముందువైపుకి తేలుతుంది. సన్నటి మార్కరుతో అంచున ఊరు, తేదీ, పుస్తకంలోంచి ఒక వాక్యం రాసి, తడి ఆరాకే పేర్చండి. జిగురు పేజీల ఆల్బమ్ వద్దు, మా పెళ్ళి ఫొటోలు అందులో అతుక్కుపోయి పీకితే చిరిగాయి.

క్యాండీ నుంచి ఎల్ల వెళ్ళే రైల్లో తేయాకు తోటల ఫొటోలు నావి వంద ఉన్నాయి, ప్రింటుకి ఒక్కటీ ఇవ్వలేదు. ఇచ్చింది వడల పొట్లం ఫొటో. అమ్మేవాడు బడి పిల్లల పాత నోటు పుస్తకం కాగితంలో చుట్టి ఇచ్చాడు. సింహళ అక్షరాలు నాకేం తెలుసు, అంకెలు మాత్రం మనవే. భాగహారాలు, ఎర్ర సిరా టిక్కులు. వెనకాల ఇలా రాసుకున్నాను: "నాలుగు వడలు 200, వాళ్ళ రూపాయలు. కారం ఎక్కువ. మూడో లెక్క తప్పు, టీచరు చూడకుండా టిక్కు పెట్టేశారు."