నాణేల సేకరణ ఎలా మొదలుపెట్టాలి?

చాలా తెలుగిళ్లలో ఎక్కడో ఒకచోట చెల్లని నాణేలు కొన్ని ఉంటాయి. పోపుల పెట్టె అడుగునో, దేవుడి గూట్లో పసుపు కుంకుమల మధ్యనో, అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ముడి వేసిన గుడ్డలోనో. సేకరణ అక్కడ మొదలుపెట్టండి. దుకాణానికి తర్వాత వెళ్లవచ్చు. మొదటి ఆరు నెలలు ఒక్క నాణెం కూడా కొనకుండా, చేతిలో ఉన్నవాటిని చదవడం నేర్చుకున్నవాళ్లే ఈ అభిరుచిలో నిలబడటం నేను చూశాను.

మొదటి అడుగు: ఇల్లంతా వెతకండి, పెద్దలను అడగండి

దొరికినవన్నీ ఒక మెత్తటి గుడ్డ మీద పరచి, మూడు కుప్పలుగా విడదీయండి. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 4 కాణీలు. ఆ రోజు నుంచి రూపాయికి 100 నయా పైసలు అయ్యాయి. 1964లో ‘నయా’ అన్న మాట తీసేసి, ఉత్త పైసలు చేశారు. 25 పైసలు, అంతకంటే చిన్న నాణేల చెల్లుబాటు 2011 జూన్ 30తో ముగిసింది. అణాల కాలం, నయా పైసల కాలం, ఆ తర్వాతి కాలం: ఇవే మీ మూడు కుప్పలు.

ఈ పని ఒంటరిగా చేయకండి. ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. బేడ అంటే రెండణాలని, పావలా అంటే నాలుగణాలని, అణాలు పోయినా పావలా పేరు 25 పైసల నాణేనికి అంటుకుపోయిందని వాళ్లు చెబుతారు. మా ఇంట్లో అలా బయటపడింది ఒక చిల్లుకాణీ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లోహం పొదుపు చేయడానికి నడుమ పెద్ద రంధ్రంతో 1943 నుంచి 1947 వరకు ముద్రించిన కంచు నాణెం అది. చిల్లు పెట్టాక రాజు తలకు చోటు లేదు కాబట్టి పైన కిరీటం మాత్రమే ఉంటుంది. మా మేనమామ మొలతాడుకు కట్టడం వల్ల దాని లోపలి అంచు అరిగి నున్నగా మారింది.

రెండో అడుగు: ఒక దారి పట్టుకోండి

అన్నీ పోగు చేద్దామనుకుంటే ఏడాది తిరిగేసరికి సంచి నిండుతుంది, ఆసక్తి చచ్చిపోతుంది. చిన్న హద్దు గీసుకోండి. గణతంత్ర భారత రూపాయి నాణేలు ఏడాదికొకటి చొప్పున, లేదా స్మారక నాణేలు మాత్రమే. స్మారకాల వరుస 1964లో నెహ్రూ నాణేలతో మొదలైంది. 2023 ఆగస్టులో ఎన్టీఆర్ శతజయంతికి విడుదలైన వంద రూపాయల నాణెం కూడా ఆ వరుసలోనిదే.

నన్ను అడిగితే, మన నేలకు దగ్గరగా ఉన్న దారే ఎంచుకోమంటాను. నిజాం కాలపు చార్మినార్ రూపాయిని తీసుకోండి. చార్మినార్ నడిమి ద్వారంలో అరబిక్ లిపిలో ఒక అక్షరం ఉంటుంది. ‘మీమ్’ (మ) ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ (ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం) ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. రెండు నాణేలనూ పక్కపక్కన పెట్టి ఆ తేడా స్వయంగా పట్టుకున్న రోజు కలిగే సంతోషం అంతా ఇంతా కాదు. సంవత్సరం హిజ్రీలో, అంటే ఇస్లామీ పంచాంగం ప్రకారం ఉంటుంది. దాన్ని 0.97తో హెచ్చించి 622 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. 1330 అంటే 1912 అన్నమాట.

మూడో అడుగు: నాణెం చదవడం

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి కొనండి. కిటికీ పక్కన కూర్చుని, నాణేన్ని బొటనవేలు, చూపుడువేళ్లతో అంచుల దగ్గర మాత్రమే పట్టుకోండి. బొమ్మ మీద, బొరుసు మీద వేళ్లు పడకూడదు. చెమట ముద్ర కొన్నాళ్లకు మచ్చగా మారి అలాగే ఉండిపోతుంది.

ముందుగా సంవత్సరం కింద చూడండి. ఐదు కోణాల నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలది. వజ్రం ముంబైది, చిన్న చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. 1985 రూపాయి మీద హెచ్ అక్షరం కనిపిస్తే అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలలో తయారైంది. ఈ రోజు మీ జేబులో ఉన్న చిల్లర తీసి చూడండి, నక్షత్రం దొరకవచ్చు. హైదరాబాద్ టంకశాల నిజాం కాలంలో మొదలై, సైఫాబాద్‌లో దశాబ్దాల పాటు నడిచి, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్ పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక పూట అక్కడ గడపాలి.

తర్వాత తూకం. బ్రిటిష్ వెండి రూపాయి 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. అరిగినది కాస్త తగ్గుతుంది. గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు ఉంటే చాలు. అయస్కాంతం కూడా దగ్గర పెట్టుకోండి. వెండి దానికి అంటుకోదు. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి అంటుకుంటుంది, ఎందుకంటే అది నికెల్.

నాలుగో అడుగు: కడగకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇత్తడి చెంబు తోమినట్టు నాణేన్ని చింతపండుతోనో, నిమ్మకాయతోనో, విభూతితోనో తోమకండి. పన్నెండేళ్ల వయసులో ఒక జార్జి రాజు అణాను చింతపండుతో తోమాను. పది నిమిషాల్లో తళతళలాడింది. దానితోపాటు ఎనభై ఏళ్ల రంగు, ముద్రపడినప్పటి సన్నని గీతలు, పైపొర పోయాయి. ఇప్పటికీ దాన్ని చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. తోమిన నాణేన్ని అనుభవమున్నవాళ్లు చూడగానే పసిగడతారు, దాని విలువ బాగా పడిపోతుంది.

మట్టి పట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రోజు నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వండి. రాగి మీద పచ్చటి చిలుము పొడిలా రాలుతుంటే దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, తెలిసినవాళ్లకు చూపించండి.

దాచే పద్ధతిలో పెద్ద చిక్కేమీ లేదు. మెత్తగా సాగే చవక ప్లాస్టిక్ కవర్లు వాడకండి. వాటిలోని పీవీసీ కొన్నేళ్లకు నాణెం మీద జిడ్డుగా దిగుతుంది. మైలార్ అనే పారదర్శక పొరతో కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు మేలు. మన తీర ప్రాంతపు ఉక్కపోతకు పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, తడిసినప్పుడల్లా మార్చండి.

ఐదో అడుగు: కొనేటప్పుడు

“ఈస్టిండియా కంపెనీ 1818లో వేసిన రాముడి పట్టాభిషేకం అర్ధణా, లక్షలు పలుకుతుంది” అని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వేయలేదు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు, పది రూపాయల నాణేలకు లక్షలు ఇస్తామనే ప్రకటనలూ అంతే. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడి ఫీజులు, కమీషన్లు గుంజుతున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. అమ్మడానికి ముందుగా మీ నుంచి డబ్బు అడిగారంటే అది మోసమే.

నాణెం అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ముఖం మీద ఇసుక రేణువుల్లాంటి గుంటలు కనిపిస్తే అది పోత పోసిన నకిలీ. కొత్త నాణేలు, స్మారక సెట్లు కావాలంటే ప్రభుత్వ టంకశాలల నుంచే నేరుగా తెప్పించుకోండి.

ఆరో అడుగు: చట్టం

నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలకు తాతగారి వెండి రూపాయిలు సూట్‌కేసులో పెట్టి పంపాలనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

పొలంలో పాత నాణేల కుండ దొరికితే కలెక్టరుకు చెప్పాలి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దీని వెనుక మంచి కారణం ఉంది. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో గోదావరి ఒడ్డున దొరికిన నాణేల మీద శాతవాహన సిముకుడి పేరు, అతనికి ముందు అక్కడ ఏలిన గోభద వంటి పాలకుల పేర్లు బయటపడ్డాయి. అవి ఎక్కడ దొరికాయో తెలియకుండా సంతలో అమ్ముడై ఉంటే, వాళ్లు ఆ ఊరి నేల ఏలినవాళ్లని చెప్పడానికి సగం ఆధారం పోయేది.

ఏడో అడుగు: ఒక నోటుపుస్తకం

ప్రతి నాణేనికి ఒక వరుస రాయండి: సంవత్సరం, లోహం, టంకశాల, బరువు, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఎంత ఇచ్చారు. చివరి రెండూ ఇంకే పుస్తకంలోనూ దొరకవు. నా పుస్తకంలో మొదటి వరుస ఇలా ఉంది: “1944, చిల్లుకాణీ, కంచు. మామయ్య మొలతాడుది. అమ్మమ్మ ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు.”