హంప్తా కనుమ దాటే రోజుకు సంచి సర్దుకునే తీరు

హిమాచల్ ప్రదేశ్‌లో కులు లోయ నుంచి లాహౌల్ వైపు వెళ్లే దారిలో సుమారు 4,270 మీటర్ల ఎత్తున ఉన్న హంప్తా కనుమను దాటే రోజున పచ్చిక బయళ్లు, మంచు, ఆ తరువాత చెట్టన్నదే లేని రాతి లోయ వరుసగా ఎదురవుతాయి కనుక, ముందు రాత్రే సంచిని ఆ దారికి తగినట్టు సర్దుకోవడం మంచిది. రాత్రికి గానీ అక్కరపడని స్లీపింగ్ బ్యాగు అడుగున, బరువైన సామాను వీపుకు ఆనుకుని నడిమధ్యన, వాన కోటు, చేతి తొడుగులు, నల్ల కళ్లద్దాలు అన్నిటికంటే పైన ఉండాలి.

చలి కంటే ముందు చూసుకోవలసింది చెమట. ఎక్కేటప్పుడు తడిసిన బనియను, కనుమ మీద ఆగగానే గాలికి చల్లబడి వణుకు పుట్టిస్తుంది. అందుచేత బయలుదేరేటప్పుడు కాస్త చలిగా అనిపించినా పలుచని చొక్కాతోనే నడిచి, పైకి చేరిన వెంటనే, ఫొటోల కంటే ముందే, మందపాటి కోటు తొడుక్కోవాలి. నూలు బనియను త్వరగా ఆరదు; పాలిస్టరుదో ఉన్నిదో మేలు.

మంచు కరిగి వాగులు మధ్యాహ్నానికి పొంగుతాయి కాబట్టి పెందలాడే బయలుదేరండి. వాగు దాటేటప్పుడు సంచి నడుము పట్టీ విప్పి ఉంచితే, కాలు జారినా బరువును వెంటనే వదిలించుకోవచ్చు. ఒక జత పొడి మేజోళ్లను ప్లాస్టిక్ కవరులో చుట్టి, డేరా చేరేవరకు ముట్టుకోకండి.