ఫోమ్ విమానం తోకను దారికి తెచ్చుకోవడం ఎలా?

రిమోట్‌తో ఎగరేసే, చేత్తో చేసుకున్న ఫోమ్ విమానం మాట వినకపోతే చాలామంది మోటారును అనుమానిస్తారు, లేకపోతే రెక్కలను కొలవడం మొదలుపెడతారు. నాకు మాత్రం తప్పు ఎక్కువసార్లు తోకలోనే దొరికింది.

నిరుడు వేసవిలో నెల్లూరు దగ్గర పెన్న ఇసుకలో మా అక్క కొడుకు విమానం ముక్కు గుచ్చుకుని పడింది. "మామా, స్టిక్ మొత్తం వెనక్కి లాగాను, అయినా పైకి లేవలేదు" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. సర్వో (రిమోట్ చెప్పినట్టు తిరిగే చిన్న మోటారు) తిరిగింది, దాని నుంచి తోకకు వెళ్లే తీగ వంగింది, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఆ తోకను ఎలా మార్చామో రాస్తున్నాను. ఇక్కడి కొలతలు మీటరు రెక్కలు, 5 మి.మీ. ఫోమ్ షీటు, 9 గ్రాముల సర్వోలు ఉన్న విమానానివి. మీది వేరైతే దానికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు జబ్బు తెలుసుకోండి

ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టండి. బల్ల మీద అనుకోకుండా తిరిగిన ప్రొపెల్లర్ వేళ్లను చూసుకోదు. ముందు రిమోట్ ఆన్ చేసి, ఆ తర్వాతే విమానానికి బ్యాటరీ తగిలించండి.

ఎలివేటర్ అంచును రెండు వేళ్లతో మెల్లగా పట్టుకుని, మరో చేత్తో స్టిక్ కదపండి. సర్వో నుంచి తోకకు వెళ్లే తీగను చూడండి. అది విల్లులా ఉబ్బితే జబ్బు అక్కడే ఉంది. తర్వాత స్టిక్ మధ్యలో ఉంచి ఎలివేటర్ వెనక అంచును పైకీ కిందికీ ఆడించండి. ఒక మి.మీ. వదులు ఉంటే పరవాలేదు. మూడు మి.మీ. ఆడితే ఆ విమానం గాలిలో తలాడిస్తూనే ఉంటుంది, రిమోట్‌లో ఎంత ట్రిమ్ (సన్నని సర్దుబాటు) చేసినా నిలబడదు.

సర్వోను తోకలోకి జరపకండి

తీగ వంగుతోందని తెలియగానే, సర్వోను తోక దగ్గరే పెట్టేస్తే తీగ పొట్టిదవుతుంది కదా అనిపిస్తుంది. మావాడూ అదే అన్నాడు. లెక్క చూడండి. మా విమానంలో బరువు కేంద్రం నుంచి తోక 54 సెం.మీ. దూరం, ముక్కులోని బ్యాటరీ 18 సెం.మీ. దూరం. అంటే తోకలో పెట్టిన ప్రతి గ్రాముకూ ముక్కులో మూడు గ్రాములు మోయాలి. ఒక్క 9 గ్రాముల సర్వోకు 27 గ్రాముల సీసం! పెద్ద విమానాలలో ఈ పద్ధతి నడుస్తుంది కానీ మన ఫోమ్ పిట్టకు అది దండగ బరువు. సర్వోను రెక్క కిందే ఉండనిచ్చి తీగకు బుద్ధి చెబుదాం.

తీగ, హార్న్

సన్నని తీగను లాగితే నిటారుగా ఉంటుంది, నెడితే వంగుతుంది. మా విమానంలో హార్న్ (తీగ చివరను తగిలించే చిన్న చేయి) ఎలివేటర్ కింద ఉండేది. అంటే ముక్కు పైకి లేవాలంటే తీగ తోకను నెట్టాలి. విమానం వేగంగా కిందికి దూకుతున్నప్పుడు, సరిగ్గా బలం కావలసిన ఆ క్షణంలోనే అది వంగిపోయేది. అందుకే హార్న్‌ను ఎలివేటర్ పై భాగానికి మార్చాం. ఇప్పుడు పైకి లేపడమంటే తీగను లాగడమే. ఇలా మార్చాక సర్వో దిశ తిరగబడుతుంది, రిమోట్‌లో రివర్స్ మార్చుకోవడం మరవకండి.

హార్న్ కోసం కొనాల్సిన పని లేదు. గడువు తీరిన ఏటీఎం కార్డును త్రికోణంగా కత్తిరించి, ఫోమ్‌లో చీలిక పెట్టి దూర్చండి. రెండో వైపు కార్డు ముక్కనే బిళ్లగా అడ్డం పెట్టి అతికించండి. హార్న్ రంధ్రం సరిగ్గా ఎలివేటర్ తోకకు కలిసే మడత గీతకు పైన ఉండాలి. ముందుకో వెనక్కో జరిగితే పైకి ఒక కొలత, కిందికి ఇంకో కొలత కదులుతుంది.

సర్వో చేతిలో కేంద్రానికి 8 మి.మీ. దూరంలోని రంధ్రం, హార్న్‌లో మడతకు 16 మి.మీ. ఎత్తులోని రంధ్రం ఎంచుకున్నాం. సర్వో 45 డిగ్రీలు తిరిగితే ఎలివేటర్ సుమారు 20 డిగ్రీలు కదులుతుంది. 35 మి.మీ. వెడల్పు ఎలివేటర్ అంచు దగ్గర అది 12 మి.మీ. నేర్చుకునేవాళ్లకు ఇది చాలు. పైగా సర్వో పళ్లలోని వదులు కూడా తోక దగ్గరికి వచ్చేసరికి సగమవుతుంది.

ఇక తీగకు గొట్టాలు. అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్‌ను 2 సెం.మీ. ముక్కలుగా కోసి, సిరా పోయేదాకా స్పిరిట్‌తో కడగండి. విమానం ఒంటి వెంబడి ప్రతి 8 సెం.మీ.కి ఒకటి చొప్పున ఒకే వరసలో అతికించి, వాటి గుండా 1 మి.మీ. స్టీలు తీగ దూర్చండి. చివరలు తగిలించే ముందు విమానాన్ని నిలువుగా ఎత్తి పట్టుకుంటే తీగ తన బరువుకే జారాలి. ఎక్కడైనా పట్టేస్తే ఆ గొట్టాన్ని పీకి మళ్లీ అతికించండి. మేము రెండు పీకాం.

మడత, అతుకు

ఎలివేటర్ ముందు అంచును కింది వైపు 45 డిగ్రీల వాలుగా కోయండి, లేకపోతే అది కిందికి కదిలేటప్పుడు తోకకు తగులుతుంది. పైన టేపు వేయండి. తర్వాత ఎలివేటర్‌ను పూర్తిగా పైకి మడిచి, వెనక కనిపించే సందు మీద ఇంకో టేపు వేయండి. రెండు టేపులూ ఒకదానికొకటి అంటుకుంటేనే మడత గట్టిగా ఉంటుంది. ఎలివేటర్ రెండు భాగాలుగా ఉంటే వాటిని సన్నని వెదురు పుల్లతో కలపండి. మొదట మేము కొబ్బరి ఈనె పెట్టాం, తీరం చెమ్మకు నాలుగు రోజుల్లో వంకర పోయింది.

చుక్క వేయగానే అంటుకునే మామూలు గమ్ము థర్మాకోల్‌ను కరిగించేస్తుంది, ఫోమ్‌కు పనికొచ్చే రకమే వాడండి. గ్లూ గన్ మంచిదే కానీ రోహిణి కార్తె ఎండలో మూసిన కారులో పెడితే ఆ అతుకు మెత్తబడుతుంది. హార్న్ చుట్టూ ఫోమ్‌కు గుండుసూదితో రంధ్రాలు పొడిచి గమ్ము వేస్తే అది లోపలికి దిగి మేకులా పట్టుకుంటుంది.

రడ్డర్‌కూ (విమానాన్ని పక్కలకు తిప్పే నిలువు పలక) ఇదే పద్ధతి. అక్కడ హార్న్ ఏ వైపు ఉన్నా పెద్ద తేడా లేదు.

ఎగరేసే ముందు

విమానం వెనక నిలబడి చూడండి. స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ పైకి, కుడికి నెడితే రడ్డర్ కుడికి రావాలి. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఈ పరీక్ష ప్రతిసారీ చేయాల్సిందే. తోక మారింది కాబట్టి తూకం కూడా మళ్లీ చూడాలి. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు దగ్గర రెండు వేళ్ల మీద నిలపండి. 18 సెం.మీ. వెడల్పు రెక్కకు అది 4.5 సెం.మీ. తోక వాలితే బ్యాటరీని ముందుకు జరపండి.

మన తీరంలో వేసవి మధ్యాహ్నాలు సముద్రపు గాలిదే రాజ్యం. మైపాడు అయినా, ఒంగోలు దగ్గరి కొత్తపట్నం అయినా పొద్దున్నే వెళ్లండి. కోత అయిన వరి మళ్లు ఇంకా మేలు, పడినా దెబ్బ తగలదు. రొయ్యల గుంటల పక్కన మాత్రం వద్దు, కరెంటు తీగలు ఎక్కువ. ఇసుక సర్వో పళ్లలో దూరకుండా కింద పట్టా పరుచుకోండి. 2021 డ్రోన్ నిబంధనలు గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి, మీ చోటు ఏ రంగులో ఉందో ముందే చూసుకోండి. రాకెట్ కేంద్రం ఉన్న శ్రీహరికోట వైపు ఆటకైనా వెళ్లకండి.

మొదట మోటారు ఆపి, గాలికి ఎదురుగా చేత్తో మెల్లగా విసరండి. ముక్కు ఎత్తి ఆగిపోయినట్టు పడితే ముందు తూకం చూడండి, ఆ తర్వాతే ఎలివేటర్‌ను ముట్టుకోండి. తిన్నగా పదిహేను అడుగులు జారిందంటే మోటారు వేయవచ్చు. మావాడి విమానం నాలుగో విసురుకు అలా జారింది, అప్పటికి ఎండ ఎక్కడంతో ఎగరేయడం మర్నాటికి వాయిదా వేసుకున్నాం.