గోయాక్సెస్ రిపోర్టు తీసే ముందు బాట్లను పక్కన పెట్టండి

కడప ఏడు రోడ్ల దగ్గర ఒక చీరల షాపు వెబ్‌సైట్ నేనే చూసుకుంటాను. సైట్‌కు ఎవరెవరు వచ్చారో సర్వర్ రాసుకునే యాక్సెస్ లాగ్‌ను, దాన్ని లెక్కగట్టి చూపే గోయాక్సెస్ ప్రోగ్రాములో తెరిస్తే రోజుకు వందలమంది వస్తున్నట్టు కనిపించింది, ఓనరన్న సంబరపడిపోయాడు. తీరా చూస్తే సగానికి పైగా గూగుల్‌బాట్, బింగ్‌బాట్ లాంటి బాట్లే, అంటే మనుషులు కాకుండా పేజీలు చదువుతూ తిరిగే ప్రోగ్రాములే. ఆయన ముఖం చూసి నాకే బాధేసింది.

కమాండ్ చివర --ఇగ్నోర్-క్రాలర్స్ (--ignore-crawlers) తగిలించండి, అవి లెక్కలోకి రావు. పేరు దాచుకుని వచ్చే బాట్లు మాత్రం దీనికి దొరకవు. మీ ఐపీని, అంటే మీ నెట్ కనెక్షన్ అడ్రసును కూడా -ఇ (-e) తో తీసేయండి. లేకపోతే మనం పేజీ సరిచూసుకోవడానికి పదిసార్లు తెరిచిందంతా కస్టమర్ల ఖాతాలో పడుతుంది. -ఓ (-o) పక్కన హెచ్‌టీఎంఎల్ ఫైలు పేరు ఇస్తే బ్రౌజర్‌లో తెరుచుకునే రిపోర్టు వస్తుంది, దాన్నే వాట్సాప్‌లో పంపొచ్చు. లాగ్ ఫార్మాట్ అడిగితే, ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్‌సర్వర్ మామూలు సెట్టింగుకు కంబైన్డ్ (COMBINED) అని ఇవ్వండి.