గెట్ అనే చిన్న మాట: ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చే నెల్లూరు, ఒంగోలు వాళ్ళకి

మాది కావలి. ఇంగ్లండ్ ఉత్తరాన, యార్క్‌షైర్‌లో పెద్దవాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో పని చేస్తున్నాను. బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, జీపీ (మనం ఉండే చోటి డాక్టరు) దగ్గర పేరు రాయించుకోవడం లాంటివి మొదటి వారంలోనే ఎవరో ఒకరు మీకు చెప్తారు. నేను చెప్పాలనుకున్నది ఒక్క మాట గురించి. అది 'గెట్'. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఇక్కడ చెవిన పడుతూనే ఉంటుంది. మనవాళ్ళు ఎక్కువగా తికమకపడేది కూడా దాని దగ్గరే.

దానికో కారణం ఉంది. నెల్లూరులో ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌కి వెళ్ళినప్పుడు, రైటింగ్‌లో గెట్ వాడొద్దు, 'రిసీవ్', 'బికమ్', 'అబ్టెయిన్' అని రాయండి అని మాకు నేర్పారు. పరీక్షకి అది మంచి సలహానే. కానీ ఇక్కడ బస్సు డ్రైవర్ గానీ, పక్కింటావిడ గానీ, మీతో డ్యూటీ చేసే సీనియర్ గానీ అబ్టెయిన్ అనరు.

అర్థాల జాబితా రాసుకుని బట్టీ పడితే వచ్చే మాట కాదిది. మన 'పట్టు' సంగతి గుర్తు చేసుకోండి. మా అమ్మమ్మ ఒక్క పూటలో ఎన్ని రకాలుగా అనేదో! "రాత్రి నిద్ర పట్టిందా?" "ఆ సంచీ పట్టుకో." "వడ్లు పట్టించుకుని రావాల." "కత్తిపీట తుప్పు పట్టింది." "ఆత్మకూరు బస్టాండు కాడికి పోయేసరికి గంట పట్టింది." "ఆయన మాటలు పట్టించుకోబాక." వీటిని విడివిడిగా మనకెవరూ నేర్పలేదు. నిద్ర పక్కన ఉంటే ఒకటి, వడ్ల పక్కన ఉంటే ఇంకొకటి అని వింటూ వింటూ పోల్చుకున్నాం. గెట్‌నీ అలాగే వినాలి. దాన్ని వదిలేసి, దాని పక్కనున్న మాట మీద చెవి పెట్టండి.

బస్సు ఎక్కడం 'గెట్ ఆన్', దిగడం 'గెట్ ఆఫ్'. కారైతే 'గెట్ ఇన్', 'గెట్ ఔట్'. లోపల నిలబడి నడవగలిగే బండికి ఆన్, ఒంగి కూర్చోవాల్సినదానికి ఇన్ అని నేను గుర్తుపెట్టుకున్నాను. "వాట్ టైమ్ డు యు గెట్ ఆఫ్?" అని తోటి ఉద్యోగి అడిగితే బస్సు గురించి కాదు, డ్యూటీ ఎన్నింటికి దిగుతావని. మనమూ డ్యూటీ దిగాననే అంటాం కదా. అదే ఒక పెద్దాయన స్నానం చేయించేటప్పుడు "గెట్ ఆఫ్!" అన్నాడంటే 'నన్ను వదులు' అని. వెంటనే చేయి తీసేయాలి.

కందుకూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయిని మేనేజర్ మొదటి వారంలో "హౌ ఆర్ యు గెటింగ్ ఆన్?" అని అడిగింది. ఎలా వస్తున్నావని అడిగిందనుకుని ఈ అమ్మాయి తనెక్కే బస్సు నంబరు చెప్పింది. సాయంత్రం నాకు ఫోన్ చేసి "అక్కా, నేనేమన్నా తప్పు మాట్లాడినానా?" అని ఒకటే బాధ. తప్పేమీ లేదు. ఆ ప్రశ్న మన "పని ఎట్టుండాది, అలవాటైందా?" లాంటిది. "గెటింగ్ దేర్, థాంక్యూ" అంటే చాలు, మెల్లగా కుదురుకుంటున్నానని చెప్పినట్టు.

కేర్ పని చేసేవాళ్ళు ఈ ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోండి. "షి గాట్ అప్" అంటే ఆమె లేచింది. "వి గాట్ హర్ అప్" అంటే మేము లేపాం. నేను వచ్చిన కొత్తలో పొద్దున డ్యూటీ మారేటప్పుడు సంగతులు అప్పజెప్పే హ్యాండోవర్‌లో నైట్ డ్యూటీ ఆవిడ గబగబా చెప్పుకుంటూ పోయింది. మధ్యలో ఆ 'హర్' నాకు వినపడలేదు. ఇద్దరు పట్టుకుంటే తప్ప నిలబడలేని ఒక పెద్దావిడ తనంతట తాను లేచిందని నోట్స్‌లో రాసేశాను. అది చదివి ఎవరైనా ఆమెను ఒంటరిగా లేవమని ఉంటే ఏమయ్యేదో! సీనియర్ చూసి దిద్దించింది. ఆ రోజంతా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అప్పటినుంచి నోట్స్‌లో నేను గెట్ రాయను. ఎంతమంది సాయం చేశారో, ఆమె ఏం చేయగలిగిందో విడమరచి రాస్తాను. వినడంలో అనుమానం వస్తే "డిడ్ షి స్టాండ్ బై హర్‌సెల్ఫ్?" అని అడిగేస్తాను. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఇంకో వాడుక మనకు చాలా సులువు. మన 'చేయించు' ఉంది కదా, అది కూడా గెట్టే. "ఐ కట్ మై హెయిర్" అంటే నేనే కత్తెర తీసుకుని కత్తిరించుకున్నానని. కటింగ్ చేయించుకున్నానని చెప్పాలంటే "ఐ గాట్ మై హెయిర్ కట్". బాయిలర్ చెడిపోతే ఇంటి ఓనర్‌కి "ప్లీజ్ గెట్ ఇట్ ఫిక్స్‌డ్" అని మెసేజ్ పెట్టండి, బాగు చేయించండి అని.

'హావ్ గాట్' అంటే ఉంది. 'హావ్ గాట్ టు గో' అంటే వెళ్ళాలి, నోట్లో అది 'గాటా గో' అయిపోతుంది. కానీ "ఐ గాట్ టు సీ లండన్" అంటే లండన్ చూసే అవకాశం దొరికిందని. డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య 'గాటెన్' అంటే అదీ తప్పు కాదు, అమెరికాలో అలాగే అంటారు.

జీపీకి పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేస్తే లైన్ కలవడం 'గెట్ త్రూ'. కలవకపోతే టెన్షన్ పడకండి, మళ్ళీ చేయండి. రాత్రిపూట ఒంట్లో బాగాలేకపోతే 111, ప్రాణం మీదికొస్తే 999. "వి విల్ గెట్ బ్యాక్ టు యు" అంటే తిరిగి చెప్తామని, అంతే. సరేనన్నట్టు కాదు. ఎప్పటిలోగా చెప్తారో అప్పుడే అడిగి రాసుకోండి.

మే నెలలో నెల్లూరులో ఎండ నలభై డిగ్రీలు దాటుతుందని చెప్తే మా హోమ్‌లో ఒక తాత "గెట్ అవే!" అన్నాడు. నన్ను పొమ్మన్నాడని మనసు చివుక్కుమంది. తర్వాత తెలిసింది, ఇటువైపు అది అచ్చం మన "పోబ్బా, నిజమా!" అని. గెట్ అసలు సముద్రం దాటి ఓడల్లో వచ్చిన వైకింగుల నార్స్ భాష మాటే. వాళ్ళు 866లో యార్క్‌ను పట్టుకుని ఈ ఉత్తరాన స్థిరపడ్డారు. బయటినుంచి వచ్చినవాళ్ళ మాట ఇప్పుడు ఇక్కడి తాతల నోట్లో నానుతోంది.

లేట్ డ్యూటీ దిగి చీకట్లో బయల్దేరేటప్పుడు తోటివాళ్ళు "టెక్స్ట్ మీ వెన్ యు గెట్ హోమ్" అంటారు. కావలి స్టేషన్‌లో పినాకిని కదిలేటప్పుడు మా అమ్మ కిటికీ ఊచ పట్టుకుని "చేరినాక ఫోన్ చెయ్యి" అనేది చూశారా, అదే. ఇల్లు చేరగానే మెసేజ్ పెట్టండి, వాళ్ళు ఎదురు చూస్తుంటారు.